పదిహేడు మెట్లెక్కి కొన్న పుస్తకం

నేను రాసిన మొదటి పుస్తకాన్ని ఇరవై ముగ్గురు డబ్బు పెట్టి కొన్నారు. ఒక్కరంటే ఒక్కరూ చదవలేదు. మామూలు రచయితైతే ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోతాడు. నేను మాత్రం వాళ్ళు చదవనందుకు ఆ ఏడాది చర్చిలో కృతజ్ఞత కానుక వేసి వచ్చాను. ఎందుకు వేశానో తెలిస్తే ఇక మీరెప్పుడూ మీ ఇంటి పెద్దల గురించి నా ముందు మాట్లాడరు. అయినా చెబుతాను. మా ఆవిడ సుశీల ఈ కథ తలుచుకుని ఇన్నేళ్ళుగా ఒక్కతే నవ్వుతోంది. మీరు కూడా తోడైతే ఆవిడకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

అప్పటికి రెండువేల ఏడో, ఎనిమిదో. అరకులోయలో హైస్కూలు తెలుగు మాస్టారిని. పేరు ప్రసాదరావు. సంతలకీ, చుట్టాల ఇళ్ళకీ, పరీక్షల డ్యూటీలకీ ఎక్కడికి వెళ్ళాలన్నా సర్వీసు జీపే. పదిమంది పట్టే జీపులో ఇరవైమందిమి కూర్చునేవాళ్ళం. పక్కవాడి నోరు సరిగ్గా మన చెవి దగ్గరే ఉంటుంది కాబట్టి, వాడి కథ వద్దన్నా మనది అయిపోతుంది. అలా చెవిలో పడ్డ కథలన్నీ ఐదేళ్ళపాటు రాసి, "జీపు టాపు కబుర్లు" అని పేరు పెట్టాను.

విశాఖపట్నంలో ప్రెస్సాయన ఐదొందల కాపీలకి తక్కువైతే మెషిను తిప్పనన్నాడు. సుశీల మా రెండు గదుల క్వార్టర్ని ఒకసారి కలయజూసి, "ఐదొందల పుస్తకాలు ఎక్కడ పెడతారు? అవి పెట్టాక మనం ఎక్కడుంటాం?" అంది.

అప్పుడే మా బావమరిది డేవిడ్ సెలవుకి వచ్చాడు. వాడికి విశాఖలో కంప్యూటర్ల పని.

"కాగితం ఎందుకు బావా? ఈ-బుక్కు చేసేద్దాం. వెబ్‌సైట్లో పెడితే ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోవచ్చు."

"ఎవరైనా అంటే?"

"జపాన్లో ఉన్నవాడైనా సరే."

"జపాన్లో ఉన్నవాడికి తెలుగు రాదు కదా."

"ఉదాహరణకి చెప్పాను బావా."

నేను ఉదాహరణగా తీసుకోలేదు. వారం రోజులు జపాన్ గురించే ఆలోచించాను. పదో తరగతి పిల్లలకి సమాసాలు చెబుతూ మధ్యలో ఆగి, జపాన్లో జీపులు ఉంటాయా అని సోషల్ మాస్టార్ని అడిగి వచ్చాను కూడా.

నెలరోజుల్లో పుస్తకం తయారైంది. డేవిడ్ నన్ను విశాఖ పిలిపించి, తన కంప్యూటర్లో తెరిచి చూపించాడు. అక్షరాలు వాచకంలో ఉన్నంత చక్కగా ఉన్నాయి. నా పేరు చూసి నేనే నమస్కారం పెట్టబోయాను. పుస్తకాన్ని నేను చూసింది ఆ ఒక్క కంప్యూటర్లోనే. ఈ ముక్క కాస్త మనసులో ఉంచుకోండి.

మరో నెల గడిచింది. జపాన్ సంగతి సరే, మా వీధిలో కూడా ఎవరూ కొనలేదు. డేవిడ్‌కి ఫోన్ చేశాను.

"జనానికి ఎలా కొనాలో తెలీదు బావా. నువ్వే విడమరిచి చెప్పాలి," అన్నాడు.

మాస్టార్లతో అనకూడని మాటల్లో ఇది మొదటిది. ఆ సాయంత్రమే ఠావు కాగితం తీసుకుని "పుస్తకము కొను విధానము" అని పైన రాసి, కింద గీత గీసి, పదిహేడు మెట్లుగా విడదీశాను. మొదటి మెట్టు: ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళవలెను. రెండో మెట్టు: కరెంటు ఉన్నదో లేదో కనుక్కొనవలెను. ఈ రెండూ తారుమారు కావాల్సిందని తరవాత చాలామంది నాతో అన్నారు. రెండొందల జిరాక్సులు తీయించి పంచాను. మా పాస్టరుగారు మొహమాటానికి పోయి, ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో కాగితం మొత్తం చదివారు. పదిహేడో మెట్టు అయ్యేసరికి వెనక బెంచీలవాళ్ళు ఆమెన్ అన్నారు.

శుక్రవారం సంతకి కూడా తీసుకెళ్ళాను. అల్లం అమ్ముకునే ఒకావిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బాబూ ఇది?"

"నేను రాసిన పుస్తకం ఎలా కొనాలో ఇందులో ఉందమ్మా."

"పుస్తకం ఏదీ?"

"ఇంటర్నెట్లో ఉంది."

"బేగి వొత్తాదా?"

"అది రాదమ్మా. మనమే దాని దగ్గరికి వెళ్ళాలి."

"జీపు ఎల్తాదా అక్కడికి?"

"జీపు అక్కర్లేదు."

ఆ కాగితాన్నే గరాటులా చుట్టి, అందులో అల్లం పోసి నా చేతిలో పెట్టింది. నా కాగితం వల్ల ఆ రోజు జరిగిన ఏకైక అమ్మకం అదే.

ఇలా కుదరదని, ప్రతి శనివారం మధ్యాహ్నం రమణ ఇంటర్నెట్ సెంటర్లో నేనే కూర్చుని, వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కొనిపించడం మొదలుపెట్టాను. రమణకి మూడు కంప్యూటర్లు, ఇద్దరు పిల్లలు, బోలెడంత ఓర్పు ఉన్నాయి. మొట్టమొదట మా హెడ్మాస్టారు దొరికారు. కొనాలంటే ముందు ఈ-మెయిల్ ఉండాలి. అది తెరవబోతే తల్లిగారి పుట్టింటి పేరు అడిగింది.

"మా అమ్మ పుట్టింటి పేరు దీనికెందుకు?" అన్నారాయన.

"మీరు పాస్‌వర్డ్ మర్చిపోతే మిమ్మల్ని గుర్తుపట్టడానికండి."

"మా అమ్మ పుట్టింటికి వెళ్ళి వాకబు చేస్తుందా?"

"చెయ్యదండి."

"మరి చెప్పడమెందుకు? మా అమ్మ పోయి ఇరవయ్యేళ్ళయింది. పోయినావిణ్ణి ఇందులోకి లాగకండి మాస్టారూ."

అరగంట బతిమాలాను. చివరికి మా అమ్మ పుట్టింటి పేరు ఇచ్చి పని కానిచ్చాం. ఆ లెక్కన కంప్యూటర్ దృష్టిలో ఆయనా నేనూ ఇవాళ్టికీ అన్నదమ్ములం.

బ్యాంకు కార్డులున్నవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళు దాన్ని బీరువాలోంచి బయటికి తీయరు. అందుకని డబ్బు నా చేతికిస్తే నా కార్డుతో నేనే కొనేవాణ్ణి. ఒకరకంగా చూస్తే నా పుస్తకాన్ని ఇరవై మూడుసార్లు నేనే కొనుక్కున్నాను. "కొన్నందుకు ధన్యవాదములు" అని తెర మీద రాగానే, అదే పదిహేడో మెట్టు కాబట్టి, లేచి చెయ్యి కలిపి తరవాతి మనిషిని పిలిచేవాణ్ణి. ప్రింటు తీసిచ్చే పని రమణది. పద్దెనిమిదో మెట్టు ఒకటుండాలనీ, అది "పుస్తకమును తెరిచి చూడవలెను" అనీ నా బుర్రకి తట్టలేదు.

మెప్పులు మాత్రం మొదలయ్యాయి. "శైలి కొత్తగా ఉంది మాస్టారూ. తెలుగులో ఇంతవరకు ఇలా ఎవరూ రాయలేదు," అన్నారు హెడ్మాస్టారు. "ఒకసారి చదివితే అందేది కాదండి అది," అన్నాడు సైన్సు మాస్టారు. "ప్రింటు తీసుకున్నవాళ్ళు మొదటి పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోతన్నారండి," అన్నాడు రమణ. ఇవన్నీ మోసుకొచ్చి సుశీలకి చెబితే, నా చేతిరాతలో మొత్తం చదివిన మనిషి కదా, "జీపులో కోడి ఎగిరిపోయిన కథ ఒకసారి చదివితే అందకపోవడానికి ఏముంది?" అంది. ఇంట్లోవాళ్ళకి మన విలువ తెలియదని సరిపెట్టుకున్నాను.

ఒక వానరోజు సోమన్న అనే కాఫీ రైతు సెంటరుకి వచ్చాడు. పై కొండ ఊరతను. నలభై ఐదేళ్ళుంటాయి. గొడుగు బయటే పెట్టి, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.

"మా అయ్య గంగన్న గురించి మీ పుస్తకంలో రాసారంట కదా. జీపు డ్రైవరు సెప్పినాడు."

గంగన్న కొడుకా అని నేను లేచి నిలబడ్డాను. నా పుస్తకానికి ప్రాణం గంగన్న అధ్యాయమే. ఆ కొండమీద మొట్టమొదటి కాఫీ మొక్క నాటిన మనిషి గంగన్న. నాటిన తోటని కాపాడుకోవడానికి పులికి ఎదురెళ్ళి, దాని నోట పడి ప్రాణం విడిచాడు. జీపు డ్రైవరు చెప్పినప్పుడు రెండు వాక్యాలే ఉన్న ఆ చావుని నేను నాలుగు పేజీలు చేశాను. చివరి పేజీ చదివి సుశీల ముక్కు చీదింది.

"మీ నాన్నగారి గురించి రాస్తుంటే నా కళ్ళు తడిసిపోయాయి సోమన్నా," అన్నాను.

"ఎందుకండీ?"

"అలాంటి మనిషి మళ్ళీ పుడతాడా?"

సోమన్న కాసేపు ఆలోచించి, "పుట్టడేమోనండీ," అన్నాడు.

పదిహేడు మెట్లూ ఎక్కించాను. రమణ ప్రింటు తీసి, వాన కదా అని పాలిథిన్ కవర్లో పెట్టి, పైన దారం కట్టి ఇచ్చాడు. తరవాతి శనివారం సోమన్న మళ్ళీ వచ్చాడు. "మాస్టారూ, రేపు మా ఊరు రావాల. ఊరంతా కూకుంటాం. పుస్తకం మీరే సదివి ఇనిపించాల. మరొకరి వొల్ల కాదు," అన్నాడు.

మరొకరి వల్ల కాదన్న మాట నాకు శాలువా కప్పినట్టుంది. ఆదివారం ఆరాధన అవగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. జీపు దిగాక అరగంట ఎక్కుడు. సిల్వరోక్ చెట్ల కింద కాఫీ కాయలు ఇంకా పచ్చగా ఉన్నాయి. సోమన్న ఇంటి ముందు నిజంగానే ఊరంతా కూర్చుని ఉంది. నాకోసం కుర్చీ వేశారు. దానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, నులక మంచం మీద తలకి మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన చుట్ట అడ్డపొగ పీలుస్తున్నాడు. నిప్పున్న కొన నోట్లోనే ఉంది. కళ్ళు నా మీదున్నాయి.

"ఈ తాత ఎవరు?" అన్నాను సోమన్నతో.

"మా అయ్యండీ. గంగన్న. మీరు రాసింది ఇనాలని పొద్దున్నుంచీ ఇక్కడే కూకున్నాడు."

కుర్చీ అరడుగు వెనక్కి జరుపుకున్నాను. నాలుగు పేజీలు ఏకరువు పెట్టి చంపిన మనిషి నాలుగడుగుల దూరంలో పొగ వదులుతున్నాడు. గొంతు పట్టేసిందని చెబుదామా, కళ్ళజోడు మర్చిపోయానని చెబుదామా అంటే కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఇంతలో సోమన్న పాలిథిన్ కవరు తెచ్చి, దారం విప్పి, నా ఒళ్ళో పెట్టాడు.

మొదటి పేజీ చూశాను. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. డాలరు గుర్తులు, తలకిందులు ప్రశ్నార్థకాలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్న గీతలు. రెండో పేజీ తిప్పాను. అదే. చివరి పేజీ తిప్పాను. అక్కడ చీమలు ఇంకా ఎక్కువ.

నిజం చెప్పొద్దూ, ముందు నా గుండెలో పండగ జరిగింది. గంగన్న చావు ఎవరూ చదవలేరు. ప్రభువు నన్ను కనికరించాడు. ఆ పండగ ఒక నిమిషం నడిచింది. రెండో నిమిషంలో "శైలి కొత్తగా ఉంది" అన్న హెడ్మాస్టారి గొంతు వినిపించింది. ఇరవై ముగ్గురి మొహాలూ వరసగా కనిపించాయి.

"సదవండి మాస్టారూ," అన్నాడు సోమన్న.

ఏం చేస్తాను? కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, వేలితో చీమల్ని చూపిస్తూ, నోటికొచ్చింది చదవడం మొదలుపెట్టాను. "ఈ కొండమీద మొట్టమొదట కాఫీ మొక్క నాటిన మహానుభావుడు గంగన్న..."

"నాను కాదు," అన్నాడు ముసలాయన.

నా వేలు డాలరు గుర్తు మీద ఆగిపోయింది.

"అది మా ఆడది సుక్రి. కింద తోటలో కూలికెల్లేది. పారేసిన మొక్కలుంటే కోక కొంగున మూటగట్టి అట్టుకొచ్చినాది. నాను తిట్టినాను. ఇది తింటావా, కాల్సుకుంటావా అన్నాను. అది ఇన్నేదు. పెరట్లో పాతేసినాది. మొదటి పంట డబ్బులొచ్చినాక నాను నోరు మూసినాను."

జనం నవ్వారు. ఒకావిడ సుక్రి ఆ మొక్కలకి కుండతో ఎలా నీళ్ళు మోసేదో చెప్పింది. పోయిన తల్లి పాడే పాట సోమన్న ఒక ముక్క అన్నాడు. ముసలాయన చెబుతూనే ఉన్నాడు. నేను మధ్యమధ్యలో "అవునవును, అదే రాశాను" అని పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఐదేళ్ళు జీపుల్లో తిరిగిన మనిషిని, అరగంట నడిచి ఒక్కసారి ఈ ఇంటికి రాలేకపోయాను. ఆ సంగతి ఆ కుర్చీలో బాగా గుచ్చుకుంది.

అంతా సవ్యంగా ముగిసేదే. ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, "పులి ఏదీ?" అన్నాడు.

"పులా?"

"జీపుల్లో అందరూ సెప్పుకుంటారు కదా, గంగన్నా పులీ అని. అది రాయనేదా?"

"రాశాను తాతా."

"సదువు మరి."

కాగితం ఇంకొంచెం పైకెత్తాను. "ఒకనాడు తోటలోకి పులి వచ్చెను. గంగన్న దాని వైపు చూచెను. అది గంగన్న వైపు చూచెను. పిమ్మట అది తన దారిన వెళ్ళిపోయెను."

ముసలాయన ఎదురుచూశాడు. నేను పేజీ మడిచాను.

"అంతేనా?" అన్నాడు. "నన్ను తినెయ్యనేదా?"

"లేదు తాతా."

"జీపులో శానా బాగా తింటాదని ఇన్నాను. అచ్చయినాక ఇంకా బాగుంటాదనుకున్నాను. ఇదేటి, సూసి ఎల్లిపోయిందా," అని మొహం అటు తిప్పుకున్నాడు. ఒక పాఠకుణ్ణి అంత దారుణంగా నిరాశపరిచిన రచయిత ఇంకొకడు ఉండడు. ఆయన్ని పులికి తినిపించిన నాలుగు పేజీలూ నా ఒళ్ళోనే ఉన్నాయి, చదవడానికి వీల్లేకుండా.

సామ అన్నం, నాటుకోడి కూర పెట్టారు. చంపిన మనిషి పక్కనే కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నాను. తిరిగి దిగేటప్పుడు సోమన్న జీపుదాకా తోడొచ్చాడు. ఇక దాచలేక, "సోమన్నా, ఆ కాగితాల్లో తెలుగు లేదు. నేను చదివింది ఏమీ అందులో లేదు," అన్నాను.

"తెలుసండీ," అన్నాడు.

"తెలుసా?"

"నాను అయిదు దాకా సదివినాను కదా. ఇంటికెల్లి ఇప్పి సూసాను. ఒక్క అచ్చరం బోదపడనేదు. రాసినాయనకే తెలుస్తాదని మిమ్మల్ని పిలిసాను. మీకూ తెలీదని మొదటి పేజీకే అరదమయింది. అయ్య ముందు ఏటంటానని ఊరుకున్నాను."

మర్నాడు స్టాఫ్‌రూంలో హెడ్మాస్టారి పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "సార్, నా పుస్తకంలో మీకు ఏ కథ నచ్చింది?"

"అన్నీ ఒకటికి మించి ఒకటి ఉన్నాయి మాస్టారూ."

"ఒక్కటి చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "మీ మనసు నొప్పిస్తానని చెప్పలేదు. నాకు కంప్యూటర్ వాడటం రాక అలా కనబడిందేమో అనుకున్నాను." సైన్సు మాస్టారు అదేమైనా ప్రాచీన లిపేమోనని భయపడ్డాట్ట. రమణని అడిగితే, "తెలుగు మాస్టారి పుస్తకం కదండీ, నాలాంటోడికి అర్థం కాదనుకున్నాను," అన్నాడు.

డేవిడ్‌కి ఫోన్ చేశాను. సంగతంతా చెబితే వాడన్నాడు: "ఆ అక్షరాల ఫాంటు నా కంప్యూటర్లో మాత్రమే ఉంది బావా. అది లేని కంప్యూటర్లో ఎక్కడైనా అలాగే కనిపిస్తుంది. నువ్వు అక్కడ తెరిచి చూశావనుకున్నాను."

"నేను కొనిపించాను. తెరిచి చూడలేదు."

వెనక నుంచి సుశీల నవ్వు మొదలైంది. అది ఆగలేదని ముందే మనవి చేశాను.

డేవిడ్ రెండు వారాలు కూర్చుని, ఫాంటు పుస్తకంలోనే ఇమిడిపోయేలా మళ్ళీ చేశాడు. ఆ రెండు వారాల్లో నేను గంగన్న అధ్యాయం కొట్టేసి, సుక్రి అధ్యాయం రాశాను. కొన్నవాళ్ళందరికీ కొత్త ప్రతి ఊరికే ఇప్పించాను. అంతకుముందు మాత్రం, రమణ సెంటర్లో తెరిచి, తెలుగని నా కళ్ళతో చూసి, ప్రింటు తీసుకుని కొండెక్కి గంగన్నకి చదివి వినిపించాను. ఈసారి వేలు నిజం అక్షరాల మీద నడిచింది. సుక్రి పేరు వచ్చిన ప్రతిసారీ ఆయన చుట్ట నోట్లోంచి తీసి, పేరు దాటాక మళ్ళీ పెట్టుకున్నాడు. అంతా విని, బాగుందని తలూపాడు. పులి సంగతి నేనే ఎత్తాను.

"తాతా, మీరు ఒప్పుకుంటే చివర పులిని పెడతాను. తినేసిందనే రాస్తాను. మీ ఇష్టం."

ఆయన తోట వైపు చూశాడు. కాయలు అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్నాయి.

"తినెయ్యమను," అన్నాడు. "కాపీ కోత అయినాక తినమను. ఇప్పుడు పనుంది."

అలాగే రాశాను. కాబట్టి పాఠకులారా, ఇందుమూలంగా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో బతికున్న మనిషిని ఆయన్ని అడక్కుండా పులికి వెయ్యను. అడిగి, ఒప్పించి వేసినా సరే, కోతల సీజను పూర్తయ్యేదాకా ఆ పులిని నా దగ్గరే కట్టేసి ఉంచుతాను.